ఇట్లియ్యి, అయిదు నిమిషాలు

మా దేవరాజులు మామకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. ఎదుటి మనిషి చేతిలో పని కనబడితే లాక్కుంటాడు. "ఇట్లియ్యి, అయిదు నిమిషాలు" అంటాడు, అంతే. అవతలివాళ్ళు ఔననేలోపల, కాదనేలోపల గరిటైనా, చీపురైనా, తాపీ అయినా మామ చేతిలోకి వచ్చేసి ఉంటుంది. ఆ అయిదు నిమిషాల్లో జరిగిన నష్టాన్ని సరిచేయడానికి అవతలివాళ్ళకు అరగంట పడుతుంది.

పోనీ, ఆయనకు అన్ని పనులూ వచ్చా అంటే అదీ లేదు. వచ్చిన పని ఒకటే, నేత. తిరుత్తణికి అవతల మా ఊళ్ళో ఇరవై అయిదేళ్ళు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి. మిగతా పనులేవీ రావు. రావన్న సంగతి ఆయనకు తెలియదు. చెప్పినా వినడు.

"చేసేవాడిదీ చెయ్యే, నాదీ చెయ్యే. దాన్లో ఏముండాది బ్రహ్మవిద్య?" అంటాడు.

ఈ జబ్బు పెళ్ళికి ముందునుంచే ఉంది. సరసమ్మత్తను చూడటానికి మా తాత, అవ్వ, మామ కలిసి వెళ్ళినప్పుడు అత్త ఇంకా మగ్గంలోనే ఉందట. చీర ఆ రోజే దించాలని వాళ్ళ నాయన పట్టుపట్టాడు. వచ్చినవాళ్ళు చాపమీద కూర్చుని బజ్జీలు తింటున్నారు. పెళ్ళికొడుకు మాత్రం బజ్జీ చేతిలో పెట్టుకుని మగ్గం దగ్గరికి పోయాడు. "లెయ్యి, ఇట్లియ్యి, అయిదు నిమిషాలు" అన్నాడు. సిల్కు చొక్కాతో గుంతలోకి దిగి, అడ్డపోగు నేసే నాడె విసరడం మొదలుపెట్టాడు. పెళ్ళికూతురు లేచి లోపలికి పరుగెత్తింది. చూపులకు వచ్చినవాడు పెళ్ళికూతురి మొహం చూడకుండా పోగులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"పిల్లోడికి కొంచెం లూజా?" అని అత్తవాళ్ళ నాయన మా తాతను పక్కకు పిలిచి అడిగాడట.

"లూజు కాదు బావా, పనిమంతుడు" అన్నాడు తాత.

నేతలో చెయ్యి మారితే గుడ్డలో తెలిసిపోతుంది. ఒకరి దెబ్బ గట్టిగా పడుతుంది, ఇంకొకరిది మెత్తగా. ఆ చీరలో మూరెడు మేర అడ్డంగా గీత కనబడింది. కొనేవాళ్ళు తిప్పి పంపేశారు. చివరికి దాన్నే అత్తకు పెళ్ళిలో పెట్టారు. అది ఇప్పటికీ బీరువాలో ఉంది.

తిరుత్తణి బస్టాండు దగ్గర షణ్ముగం అని ఒక పరోటా మాస్టరు ఉన్నాడు. ఒక మధ్యాహ్నం మామా నేనూ అక్కడ టీ తాగుతున్నాం. మామ కళ్ళు టీ మీద లేవు, మైదా ముద్ద మీద ఉన్నాయి.

"షణ్ముగం, ఇట్లియ్యి, అయిదు నిమిషాలు."

"వేణాం, వద్దు మామా. ఇది మైదా, సీర కాదు."

"సీర నేసినోడికి మైదా నెయ్యను రాదా? నువ్వు పక్కకి పోప్పా."

మామ మైదాను ఉతికిన చీర దులిపినట్టు దులిపాడు. రెండో దులుపుకే అది చేతిలోంచి జారి, అప్పుడే కదులుతున్న చిత్తూరు బస్సు వెనక అద్దానికి అతుక్కుంది. డ్రైవరు చూసుకోలేదు, బస్సు వెళ్ళిపోయింది. చిత్తూరు చేరేసరికి ఆ పరోటా ఎండకు కాలి తినడానికి తయారుగా ఉందని కండక్టరు మర్నాడు వచ్చి చెప్పాడు. అప్పటినుంచి ఆ అంగట్లో ఎవరు పరోటా అడిగినా "ఈడ తింటారా, చిత్తూరుకు పంపించాల్నా?" అని అడుగుతారు.

ఆడికృత్తిక పండగకు కొండ మెట్లమీద ఇంకో కథ. చెన్నై నుంచి వచ్చిన ఒకాయన కావడి మోసుకుంటూ ఎక్కుతున్నాడు. నూట యాభయ్యో మెట్టు దగ్గర మామ ఆయన కావడి అందుకున్నాడు. అయిదు నిమిషాలన్నవాడు జనం తోపులాటలో ఆగలేక పైదాకా మోసుకుపోయాడు. ఆయన చాలాసేపటికి వెనకనుంచి కేకలు పెడుతూ ఎక్కాడు. గుడి ముందర పంచాయితీ మొదలైంది.

"మొక్కుకున్నది నేను, మోసింది నువ్వు. సామి ఇప్పుడు ఎవురికి పలకల్ల?" అని ఆయన ఏడుపు మొహం పెట్టాడు.

"సగం సగం చేసుకుందాంలే అన్నా. నాకు పెద్దగా కోరికలు లేవు" అన్నాడు మామ.

చివరికి గుడి పూజారి గురుక్కళ్ వచ్చి, ఆయన చేత కావడితో మూడు ప్రదక్షిణలు చేయించి, లెక్క సరిపోయిందని తీర్పు చెప్పాడు. మామ ఆ మూడు చుట్లూ వెనకే నడిచాడు, మళ్ళీ అందుకోవాలని చెయ్యి జాపుకుంటూ.

ఇక తిరుత్తణి స్టేషన్లో పూలమ్మే అలిమేలమ్మ సంగతి. మేము పొద్దున పనికి పోయేందుకు ఎక్కే రైలుకు ముందు, ప్లాట్‌ఫారం మీద ఆమె బుట్ట పెట్టుకుని మల్లెపూలు కడుతూ ఉంటుంది. మామ రోజూ ఆమె నార అందుకుని కడతాడు. అయితే పూలకు వేసే ముడి వేయడు. తెగిన పోగును అతకడానికి నేతగాళ్ళు వేసే ముడి వేస్తాడు. అది కంటికి కనబడదు, ఊడిరాదు. ఆయన కట్టిన పూలు తలలో పెట్టుకున్న టీచరమ్మ ఒకామె సాయంత్రం తీయడానికి కత్తెర తెచ్చుకోవలసి వచ్చింది.

"ఆ మామ కట్టింది వద్దు అలిమేలమ్మా, నువ్వు కట్టింది ఇయ్యి" అని ఆడవాళ్ళు నా ముందే అడిగేవారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయి మామ మగ్గం కూడా అటక ఎక్కినప్పుడు, తిరువళ్ళూరు దగ్గర నేను పనిచేసే కంపెనీలో ఆయనకు ఊడ్చే పని ఇప్పించింది నేనే. ఆ పాపం నాదే. కార్లలో వేసే వైర్ల కట్టలు తయారుచేస్తాం అక్కడ. నాది ఒకటో లైను. వైరు కొసకు ఇత్తడి ముక్క పెట్టి, కాలితో తొక్కితే మిషను టక్ అంటుంది. రోజుకు మూడు వేల టక్కులు. టక్కుకూ టక్కుకూ మధ్యలో బతుకు గురించి ఆలోచించేంత తీరిక ఉంటుంది. అదే చిక్కు.

మామది మూడో లైను. అక్కడ ముప్ఫై మంది ఆడపిల్లలు వైర్లు వరసగా పేర్చి, ప్లాస్టిక్ పట్టీలు బిగించి కట్టలు చేస్తారు. ముప్ఫై మందికీ కలిపి ఒకటే కార్డు. బాత్రూముకు పోవాలన్నా, నీళ్ళు తాగాలన్నా ఆ కార్డు మెడలో వేసుకుని పోవాలి. అది సూపర్‌వైజర్ నటరాజ్ సార్ జేబులో ఉంటుంది. కార్డు లేకుండా లేచినవాళ్ళు ట్రైనింగులో ఉంటే మర్నాటినుంచి రానక్కర్లేదు.

పోయిన ఏడాది కంపెనీవాళ్ళు అందరికీ ఒక ఫారం ఇచ్చారు. పేరు రాయక్కర్లేదు, లైను నంబరు వేస్తే చాలు. మీ పని వల్ల మీ బతుకు ఎంత తృప్తిగా ఉంది, పదికి మార్కులు వేయండి అని ఉంది అందులో. నేను నాలుగు వేశాను. ఆ నాలుగూ క్యాంటీన్లో శుక్రవారం పెట్టే వడకే. మా లైనంతటికీ సగటు చూస్తే నాలుగే వచ్చింది. రెండో లైనుకు మూడున్నర. మూడో లైనుకు తొమ్మిది.

తొమ్మిది! ఆఫీసంతా గొడవైపోయింది. అదే జీతం, అదే వడ, అదే ఫ్యాను. మూడో లైనులో ఏముంది? వెదికి వెదికి, అక్కడి గోడమీద గద్ద బొమ్మతో ఒక పోస్టరు ఉందని కనిపెట్టారు. ఎగరాలనుకున్నవాడికి ఆకాశమే హద్దు అని తమిళంలో రాసి ఉంటుంది. వెంటనే ఇరవై గద్దలు అచ్చువేయించి అన్ని లైన్లలోనూ అతికించారు. నా మిషను ఎదురుగా ఒక గద్ద వచ్చి కూర్చుంది. నేను టక్ అన్నప్పుడల్లా అది నన్నే చూసేది.

ఆ రహస్యం పెద్ద ఆఫీసర్లకు చెప్పమని నటరాజ్ సార్‌ను ఒక మంగళవారం మీటింగుకు పిలిచారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పైఅంతస్తుకు పోయాడు. ఆయనతో పాటు ఆయన జేబులో కార్డు కూడా పోయింది.

ఆ రోజు మోనిషాకు బాగలేదు. పూండి దగ్గర పల్లెనుంచి వచ్చే పిల్ల, చేరి అయిదు నెలలు. ఇంకో నెల గడిస్తే పర్మినెంటు. ఇంట్లో సంపాదించేది ఆ పిల్ల ఒక్కతే. నెలనెలా వచ్చే కడుపునొప్పి ఆ రోజు మరీ ఎక్కువై, మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయింది. లేవాలంటే కార్డు లేదు. అప్పుడు మామ చీపురు గోడకు ఆనించాడు.

"ఇట్లియ్యి పాపా, అయిదు నిమిషాలు."

అయిదు నిమిషాలు అరగంటైంది. మధ్యలో ప్లాస్టిక్ పట్టీల డబ్బా ఖాళీ అయింది. ఇంకొకరైతే చెయ్యి ఎత్తి అడిగేవారు. మామ అడగలేదు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక నూలు ఉండ ఉంటుంది. పదకొండు కట్టలకు నూలుదారం చుట్టి, నేత ముడి వేసి పంపించేశాడు.

ఆ కట్టలు నేరుగా తనిఖీకి పోయాయి. కార్ల కంపెనీనుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు ముడి ఎక్కడుందో వెదికాడు. కనబడలేదు. బలమంతా పెట్టి లాగాడు. వైరు తెగింది కానీ ముడి ఊడలేదు.

"ఎన్నయ్యా ఇది?" అని నటరాజ్ సార్ ఆ కట్ట పట్టుకుని మూడో లైనుకు వచ్చాడు. ఆ పిల్లల్లో సగం మంది నేత ఇళ్ళవాళ్ళే. ఆ ముడి ఎవరిదో చూడగానే తెలిసింది. అందరూ ఒక్కసారిగా తలలెత్తి ఫ్యాన్లను చూడటం మొదలుపెట్టారు.

ముడి తనదేనని మామే ఒప్పుకున్నాడు. మర్నాడు ఎంక్వయిరీ. నిత్య మేడం కుర్చీలో కూర్చుంది. ఉద్యోగుల వ్యవహారాలన్నీ ఆమే చూస్తుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషే. ఒక పక్క నటరాజ్ సార్, ఇంకో పక్క మామ. మోనిషా తలుపు దగ్గర నిలబడి చున్నీ కొస నలుపుతోంది. మామ ఉద్యోగం ఎలాగూ పోయిందని నేను అనుకున్నాను. కట్టలమీద నంబరు మోనిషాది కాబట్టి తేలవలసింది ఆ పిల్ల ఉద్యోగమే.

"మోనిషా కార్డు లేకుండా లేచిందా, లేదా?" అని అడిగింది మేడం.

"లేచేదానికి నేను యాడ ఇడిస్తిని మేడమ్మా? ఆ పిల్లను పక్కకి నెట్టేసి కూసున్నా. పాపం, వద్దు వద్దు అనింది" అన్నాడు మామ.

"ఎందుకు?"

"జబ్బు మేడమ్మా. ఎవురన్నా పని చేస్తా ఉంటే నా చెయ్యి ఊరుకోదు. చిన్నప్పటినుంచీ అంతే. కావాల్నంటే మా అల్లుడినడగండి, ఈడనే ఉండాడు."

నన్ను పిలిచారు. నిజం చెప్పొద్దూ, నాకు మామమీద ఒళ్ళు మండుతోంది. పరువంతా తీశాడు. అయినా పిల్ల ఉద్యోగం నిలవాలంటే జబ్బు నిజమని నిరూపించాలి కదా. గొంతు సవరించుకుని పెళ్ళిచూపుల దగ్గర మొదలుపెట్టాను. కావడి పంచాయితీ చెప్పాను. అలిమేలమ్మ పూలు చెప్పాను. పరోటా బస్సు అద్దానికి అతుక్కున్నది చెప్పేసరికి నటరాజ్ సార్ కూడా కడుపు పట్టుకుని నవ్వాడు. ఇక నెగ్గేశాం అనుకున్నాను.

నిత్య మేడం నవ్వు తుడుచుకుని అడిగింది. "సరే, మీ మామ పరోటా విసురుతున్నప్పుడు ఆ మాస్టరు యాడ ఉన్నాడు?"

"యాడ ఉండాడంటే..." అని ఆగిపోయాను.

ఇన్నేళ్ళుగా ఆ కథ కనీసం వందమందికి చెప్పి ఉంటాను. ఒక్కరూ ఈ ప్రశ్న అడగలేదు. నాకూ తట్టలేదు. కోతి ఆడుతుంటే కోతినే చూస్తాం కానీ పక్కనున్నవాళ్ళను ఎవరు చూస్తారు? ఇప్పుడు గుర్తు తెచ్చుకుంటే కనబడుతున్నాడు. షణ్ముగం అంగడి వెనక గోడకు ఆనుకుని ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. ఆ పొద్దునే వాళ్ళావిడకు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. అంగట్లో జనం తగ్గక, అంతవరకూ ఫోనులో కూడా బిడ్డ మొహం చూసుకోలేదు.

"బిడ్డను చూస్తా ఉండాడు మేడం" అన్నాను.

"పూలామె?"

అలిమేలమ్మ బెంచీ వెనక్కి తిరిగి కూర్చుని డబ్బాలో తెచ్చుకున్న ఇడ్లీ తినేది. తిని, షుగరు మాత్ర వేసుకునేది. రోజూ. నా కళ్ళముందే.

"కావడి ఆయన?"

మెట్టుమీద కూలబడి అరికాళ్ళ బొబ్బలు ఊదుకుంటున్నాడు. అందుకే కదా పైకి రావడం ఆలస్యమైంది. నేను మామ వైపు చూశాను. ఆయన నావైపు చూడకుండా, దొంగతనం బయటపడినవాడిలా, ఆ గదిలోనూ గోడమీద అతికించిన గద్దను చూస్తున్నాడు. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. అయినా ఆఫీసు కదా, దగ్గి సరిపెట్టుకున్నాను.

"అయ్యా, మూడో లైనులో రోజుకు ఎంతమందిని ఇట్లా లేపుతారు మీరు?" అని మేడం నెమ్మదిగా అడిగింది.

"దానికి లెక్క ఎవురు పెట్టినారు మేడమ్మా? మా వీధిలో అదేం పెద్ద సంగతి కాదు. ఎవురింటికన్నా పోతే మగ్గంలో ఉన్న మనిషి లేచేదానికి కాదు కదా. పోగు తెగతాది, పని నిలబడతాది. అందుకని వచ్చినోడే గుంతలోకి దిగతాడు. ఆ మనిషి లేచి నీళ్ళు తాగేసి, బిడ్డను ఎత్తుకోనేసి వస్తాది. గుడ్డలో ఒక గీత పడతాది. పడితే పడనీ."

మేడం నటరాజ్ సార్ వైపు తిరిగింది. "నిన్న కార్డు యాడ ఉన్నింది సార్?"

ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. కార్డు అక్కడే ఉంది. దాన్ని బల్లమీద పెట్టాడు.

"అయితే తొమ్మిది మార్కులు గద్ద వల్ల కాదా మేడం?" అన్నాడు చివరికి, పాపం, నిజంగానే అడుగుతున్నట్టు.

"తొమ్మిది తెచ్చింది చీపురు సార్" అంది మేడం.

మోనిషా ఉద్యోగం నిలిచింది. నూలు కట్టినందుకు మామకు ఒక వార్నింగు కాగితం ఇచ్చారు. ఆయన దాన్ని సన్మానపత్రంలా ఇంట్లో గోడకు తగిలించుకున్నాడు. రెండు నెలల తర్వాత మేడం పైవాళ్ళతో కొట్లాడి కొత్త ఉద్యోగం ఒకటి సృష్టించింది. ఎవరికి లేవాలనిపిస్తే వాళ్ళ చోట కూర్చునే మనిషి. కార్డు అక్కర్లేదు, చెయ్యి ఎత్తితే చాలు. మామకు ఆకుపచ్చ కోటు ఇచ్చి, పదిహేను రోజులు పని నేర్పించారు. నూలు ఉండను మాత్రం పొద్దున గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు తీసుకుని, సాయంత్రం తిరిగి ఇస్తారు.

ఎంక్వయిరీ జరిగిన సాయంత్రమే నేను సరసమ్మత్త దగ్గరికి పోయాను. "అత్తా, చూపుల రోజు మామ మగ్గంలోకి దిగితే నువ్వు లోపలికి ఎందుకు పరిగెత్తినావు?" అని అడిగాను.

అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇన్నాళ్ళకు అడిగినావా? పొద్దున్నుంచి మా నాయన నన్ను లేవనీలేదు. ఎదురుగా అందురూ బజ్జీలు తింటా ఉండారు, నాకు ఎవురూ పెట్టలేదు. ఈయప్ప దిగినాడు. నేను పోయి పొయ్యి దగ్గర కూసోని ఆరు బజ్జీలు తినేస్తిని. ఆడనే అనుకున్నా, చేసుకుంటే ఈ పిచ్చోణ్ణే చేసుకోవల్లని."

ఇప్పుడు మామ మా లైనుకూ వస్తాడు. "ఇట్లియ్యి అల్లుడా" అనగానే నేను లేచి, సైకిళ్ళ స్టాండు పక్కన ఎండలో ఊరికే నిలబడి వస్తాను. అంతకంటే ఏమీ చేయను. ఈ ఏడాది ఫారంలో ఏడు వేశాను. వడ మాత్రం అదే వడ.

మొన్న శుక్రవారం ఒక సంగతి గమనించాను. పొద్దున్నుంచి మామ ఒక్కసారి కూడా కూర్చోలేదు. కూర్చున్నా ఇంకొకరి పనిలోనే. నేను నా భోజనం వేళలో ఆయన దగ్గరికి పోయి భుజం తట్టాను.

"ఇట్లియ్యి మామా, అయిదు నిమిషాలు."

మామ బిత్తరపోయాడు. "నేను యాడికి పోవల్ల?"

"యాడికన్నా పో. టీ తాగు. ఊరికే కూసో."

"ఊరికేనా?" అని రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంటూ, కొత్తగా బడికి పోయే పిల్లాడిలా క్యాంటీన్ వైపు నడిచాడు. పోనీలే, ఒక్కరోజైనా కూర్చుంటాడని సంతోషపడ్డాను.

అయిదు నిమిషాలు దాటినా రాలేదు. పక్క కిటికీలోంచి క్యాంటీన్ వైపు తొంగిచూశాను. టీ మాస్టరు బెంచీమీద కాళ్ళు బారజాపుకుని, కళ్ళు మూసుకుని, గోడకు ఆనుకుని ఉన్నాడు. ఆకుపచ్చ కోటు వేసుకున్న మా మామ పొయ్యి దగ్గర నిలబడి, రెండు చేతులూ బారగా చాపి, టీని ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి పోస్తున్నాడు. సగం గ్లాసులో పడుతోంది, సగం నేలమీద.

ఆ రోజు కంపెనీలో ఎవరి టీలోనూ చక్కెర లేదు. రెండు వందల మందిమి తాగాం. ఒక్కరూ మాట అనలేదు.